మూడొందల మిల్లీలీటర్ల దొరవారికి

శాంపిల్ సీసా గారికి,

నాగావళి ఒడ్డున, ఒడిశాలోని రాయగడ నుంచి రాస్తున్నాను. నది నీళ్లు పరీక్షకు పట్టుకెళ్లడానికి నెలకోసారి జీపులో వచ్చి, వంతెన మీద ఆగి, తాడు కట్టిన బకెట్టు పైకొచ్చేదాకా ఓపిగ్గా కూర్చుంటారే, ఆ గాజు సీసా మీరే. మెడలో లేబులు, పక్కన ఐసు పెట్టె. మే నెలలో మా ఊళ్లో ఐసు మీద పడుకునే యోగం మీకే ఉంది. లోపల ఒక్క గాలిబుడగ కూడా ఉండకూడదని మిమ్మల్ని వెంటబెట్టుకొచ్చే కుర్రాడు ఊపిరి బిగబట్టి మూత పెడతాడు. మా ఇంట్లో పసిపిల్లలకు మందు పోసేటప్పుడు కూడా అంత శ్రద్ధ చూడలేదు.

మీ వంశం చిన్నదేం కాదు. 1978లో ప్రపంచ కార్యక్రమంలో భాగంగా కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 24 చోట్ల ఉపరితల జలాలు, 11 చోట్ల భూగర్భ జలాలు చూడటం మొదలుపెట్టింది. ఇప్పుడు స్టేషన్లు 4 వేలు దాటాయి. (స్టేషనంటే రైలాగేది కాదు, జీపాగేది.) 2015లో ఐక్యరాజ్యసమితిలో దేశాలన్నీ కలిసి 2030కల్లా నీళ్లు బాగుచేస్తామని మాటిచ్చాక మీ పరపతి ఇంకా పెరిగింది. మన నీళ్లలో ఎన్ని 'మంచివి'గా ఉన్నాయో శాతంలో చెప్పాలట. ఆ సూచిక పేరు 6.3.2. 2017లో, 2020లో, 2023లో దేశాలను లెక్కలడిగారు.

నదికి అయిదు పేపర్లు పెట్టారు: కరిగిన ఆక్సిజన్, ఉప్పదనం, నత్రజని, భాస్వరం, పీహెచ్. కొలతల్లో నూటికి 80 హద్దులో ఉంటే నది పాసు. తప్పిన 20 ఏ నెలవో పాసు కాగితం మీద కనబడదు. మేం చెబుతాం కదా! ఆషాఢంలో మొదటి వాన పడగానే కొండల మీదిదీ వీధుల్లోదీ అంతా గెడ్డల్లోకి దిగుతుంది చూడండి, ఆ వారం.

ఈ అయిదింటిలో లేని సబ్జెక్టు ఒకటుంది. పెద్దమనుషుల ముందు ఎలా చెప్పాలో తెలీదు. చెంబు పట్టుకెళ్లిన వాళ్ల వ్యవహారం. అందులోంచి నీళ్లలో చేరే క్రిముల్ని కోలిఫాం అంటే మర్యాదగా ఉంటుంది. ఈ అయిదు పేపర్ల లెక్కే మొదటి మెట్టు, అందులో దాని ఊసే లేదు; అదనపు కొలతలుండే రెండో మెట్టులో ఇష్టమైతే చేర్చుకోవచ్చట. మన మండలి సొంత పుస్తకంలో మాత్రం ఉంది: 100 మిల్లీలీటర్లలో స్నానానికైతే 500, శుద్ధి చేసి తాగేందుకైతే 5,000 దాటకూడదని. ఇంట్లో రాసుకున్నది పైకి పంపే కాగితంలో తప్పనిసరి కాదన్నమాట.

అడిగితే, 'అది నది ఆరోగ్యం లెక్క, తాగునీటికి 6.1.1 వేరే ఉంది' అంటారు. నిజమే. కానీ మా జిల్లాలోనే కాశీపూర్ వైపు గెడ్డ నీళ్లు మోసుకెళ్లే ఆడవాళ్లకు రెండంకెలకూ బిందె ఒక్కటే. అక్కడ 2007లో కలరా వచ్చింది. 2022 జులైలో మళ్లీ వచ్చింది. ఆక్సిజన్, పీహెచ్ నిక్షేపంగా ఉన్న నీళ్లలోనూ ఆ క్రిమి ఉండగలదు. మీ అయిదు పేపర్లతో దానికి పేచీ లేదు. మా మామ్మ బురద నీళ్ల కుండలో చిల్లగింజ అరగదీసి, తేట పడగానే 'మంచి నీళ్లురా, తాగు' అనేది. పాపం, ఆవిడదీ మొదటి మెట్టే.

ఇక మీరొచ్చే వేళ. పదకొండు గంటలకు, ఎండ బాగా కాశాక. పగలు నాచు ఆక్సిజన్ వదులుతుంది, రాత్రంతా అదే పీల్చుకుంటుంది, తెల్లారేసరికి నీళ్లు నీరసపడి ఉంటాయి. పదకొండింటికి నది పెళ్లిచూపులకు ముస్తాబై కూర్చున్న పిల్లలా ఉంటుంది. మీరు చూసి, బాగుందని రాసుకుని, టిఫిను చేసి వెళ్తారు.

ఆ వంతెన సంగతి కూడా చెప్పాలి. దిగువన ఊరి మురుక్కాలవ కలిసే చోటికి ఒక్కసారి రమ్మని ఆ కుర్రాణ్ణి పిలిచాను.

"అక్కడ స్టేషన్ లేదండీ."

"నది ఉంది కదా బాబూ?"

"నదుందండీ. స్టేషన్ లేదు."

వాడి తప్పేం లేదు. ఎవరో ఏ సంవత్సరమో జీపు దిగకుండా నీళ్లందే చోటు వెతికారు, దొరికింది. అప్పట్నుంచీ నాగావళి అక్కడే ఉన్నట్టు లెక్క. కొమరాడ వైపు దిగాక ఇవే నీళ్లు ఆంధ్రా సీసాల్లోకి ఎక్కుతాయి. పార్వతీపురంలో ఉండే మా అల్లుడు, 'మామయ్యా, మీరు వదిలిందే కదా మేం తాగేది' అని ఫోన్లో ఎత్తిపొడుస్తాడు. ఏం చెప్పను? మాకూ ఎగువనుంచి వచ్చిందే.

ఒక్క మనవి. ఈసారి వేకువన నాలుగున్నరకు రండి. ఆషాఢంలో రండి. మురుక్కాలవ దగ్గర రాళ్ల మీద పాకుడుంటుంది, ఆ కుర్రాణ్ణి చెప్పులు విప్పి దిగమనండి, నేను చెయ్యి పట్టుకుంటాను. కోలిఫాం కోసం ఏ క్రిమీ లేకుండా శుభ్రం చేసిన మీ తమ్ముడు సీసాని కూడా వెంట తెండి. పనయ్యాక మా ఇంట్లోనే టీ. నీళ్లు ముందే మరగబెట్టి ఉంచుతాను, టెన్షన్ పడకండి.

ఇట్లు,
లేబులు లేకుండా అవే నీళ్లు తాగే ఒకడు