‘అందరికీ తెలియాల్సిన టెక్నాలజీ పదాలు’ పంపేటోళ్లందరికీ ఒక దండం

మళ్ల వచ్చింది ఆ మెసేజ్. పొద్దుగాల డిగ్రీ బ్యాచ్ గ్రూపుల ఒకడు పెట్టిండు, మధ్యాహ్నానికి చుట్టాల గ్రూపుల మా బాబాయి పెట్టిండు, రాత్రికి కాలనీ గ్రూపుల ఇంకెవరో పెట్టిన్రు. పైన కంప్యూటర్ బొమ్మ, కింద దండాల ఇమోజీలు, నడిమిట్ల "ప్రతి ఒక్కరూ తెలుసుకోవలసిన టెక్నాలజీ పదాలు, పిల్లలకు తప్పక చదివించండి" అని ఎనిమిది పాయింట్లు. ఇన్ని దినాలు చూసీ చూడనట్టు ఊకున్న, పాపం ఎవరో నేర్చుకుంటున్నరు మనకెందుకులే అనుకున్న. కాని ఇండ్ల ఏపీకే (ఆండ్రాయిడ్ ఫోన్ల యాప్ దించే ఫైల్) గురించి రాసిన ముక్క చదివినంక ఇగ ఊకునుడు నాతోని అయితలేదు.

చిన్నయి ముందు తీసేద్దాం. మొదటి పాయింట్ల కంప్యూటర్‌కు ఫుల్ ఫామ్ అంట, "కామన్ ఆపరేటింగ్ మెషీన్" అని మొదలుపెట్టి మూరెడు పొడుగు రాసిండు. అట్లాంటి ఫుల్ ఫామ్ ఏం లేదు. కంప్యూట్ అంటే లెక్కచేసుడు, చేసేది కంప్యూటర్, అయిపోయింది. మిషన్లు రాకముందు కూసొని లెక్కలు కట్టే మనుషులనే కంప్యూటర్లు అనేటోళ్లు, వాళ్లకు కూడ ఫుల్ ఫామ్ ఉండెనా? రెండోది, వైఫై అంటే వైర్‌లెస్ ఫిడెలిటీ అని. 1999ల వైఫై కంపెనీల సంఘం ఒక బ్రాండింగ్ కంపెనీతోని పెట్టించుకున్న పేరది, హైఫైకి ప్రాస కుదిరింది, పెట్టేసిన్రు. తర్వాత ఆ వైఫై సంఘపోళ్లే కొన్నొద్దులు ప్రచారంల ఫిడెలిటీ ముక్క వాడుకున్నరు కాబట్టి దీనికి ఫార్వార్డ్ చేసినోళ్లను ఏమనను.

మూడోది, "ర్యామ్ నిండితే ఫోన్ పాడవుతుంది, రోజూ క్లీనర్ యాప్‌తో ఖాళీ చేయండి, ఫోటోలు రోమ్‌లో ఉంటాయి". ర్యామ్ అంటే నడుస్తున్న యాప్‌లు కూసునే జాగ, అది ఉన్నదే నిండడానికి. వాడిన యాప్‌ను ఆండ్రాయిడ్ కావాలనే అండ్ల ఉంచుతది, మళ్ల తెరిస్తే దబ్బున రావాలని. జాగ సరిపోకుంటే పాతదాన్ని అదే తీసేస్తది. మీరు క్లీనర్‌తోని తుడిస్తే మళ్ల మొదటికెళ్లి లోడ్ కావాలె, బ్యాటరీ దండగ, పైకెళ్లి ఆ క్లీనర్ చూపించే యాడ్లు వేరే. ఇగ రోమ్, మొబైల్ షాపుల్ల "8 ర్యామ్, 128 రోమ్" అని అమ్ముతున్నరు కాబట్టి జనాలది తప్పేం లేదు గాని, ఆ 128 స్టోరేజీ. రోమ్ అంటే చదువుడే తప్ప రాసుడు లేని మెమరీ, మరి మీరు రోజు దించే ఫోటోలు అండ్లకు ఎట్ల పోతున్నయో మీరే చెప్పుర్రి.

నాలుగోది చదివి నవ్వాగలే. "క్లౌడ్ అంటే మన డేటా ఆకాశంలో శాటిలైట్లలో ఉంటుంది" అంట. అయ్యా, క్లౌడ్ చూడాల్నంటే తల పైకెత్తుడు కాదు, షాద్‌నగర్ బస్సెక్కాలె. మైక్రోసాఫ్ట్ డేటా సెంటర్లకు భూములు కొన్నది మేకగూడ, షాద్‌నగర్ దిక్కే, 2016ల జిల్లాలు విడగొట్టేదాక అదంత మన పాలమూరు జిల్లానే. అమెజాన్ క్లౌడ్ హైదరాబాద్ రీజియన్ (అంటే ఈ దిక్కున్న డేటా సెంటర్ల గుంపు) 2022 నవంబర్‌ల చాలైంది. లోపల ఏముంటదంటే వరుసకు వరుస సర్వర్లు (రాత్రిపగలు నడిచే కంప్యూటర్లు), వాటిని సల్లగ ఉంచే మిషన్లు, కరెంటు పోతే నడిచే జనరేటర్లు. మన ఫోటో అట్లాంటి ఏదో ఒక సర్వర్ల డిస్కు మీద ఉంటది. వేరే దేశం పోవాల్నంటే ముంబై కాడనో చెన్నై కాడనో సముద్రంల దిగిన కేబుళ్లల్లకెళ్లి పోతది. మజా ఏందంటే అదే షాద్‌నగర్‌ల ఇస్రోవాళ్ల ఎన్ఆర్ఎస్‌సీ కేంద్రం ఉన్నది, నిజంగనే శాటిలైట్ల నుంచి బొమ్మలు దించుకునే పెద్ద పెద్ద యాంటెనాలు ఉన్నయ్. అవి చూసినోడెవడన్న ఈ పాయింట్ రాసిండనుకొని సర్దుకుంటున్న.

ఇగ ఐదోది. మొత్తం మెసేజ్ ఒక ఎత్తు, ఇది ఒక ఎత్తు. ఉన్నదున్నట్టు దింపుతున్న: "ఏపీకే అంటే ఫోటో, పీడీఎఫ్ లాంటి ఒక ఫైల్. తెలిసిన నంబర్ నుంచి వస్తే భయపడకుండా ఓపెన్ చేయవచ్చు. అడిగిన పర్మిషన్లన్నీ ఇస్తేనే సరిగా పనిచేస్తుంది." మూడు వాక్యాలు, మూడుకు మూడు తప్పు, మూడు కలిస్తే ఖాతా ఖాళీ. రాసినోడు తెల్వక రాసిండా, దొంగలతోని వాటా ఉండి రాసిండా అని నాకు డౌటే.

ఫోటో నొక్కితే ఫోటో కనపడ్తది, దాని పని ఆడికే అయిపోయింది. ఏపీకే నొక్కితే ఫోన్ల ఒక యాప్ దిగుతది, దిగి కూసుంటది, మీరు ఫోన్ పక్కన పెట్టి పండుకున్నా అది దాని పని చేసుకుంటది. ప్లే స్టోర్‌ల అయితే గూగుల్ ఒకసారన్న చూసి పెడ్తది, వాట్సాప్‌ల వచ్చినదాన్ని అట్ల ముందుగాల చూసి పెట్టేటోడు ఎవడున్నడు?

మా దూరపు చుట్టం ఒకాయన మిర్యాలగూడ దిక్కు ఉంటడు. వడ్ల పైసలు ఖాతాల పడ్డ వారమే ఊరి గ్రూపుల "పీఎం కిసాన్ కొత్త లిస్ట్" అని ఫైల్ వచ్చింది, పంపింది పక్కింటాయన నంబరే. నొక్కిండు. ఫోన్ ఊకనే తెరవలే, తెలియని చోటికెళ్లి వచ్చిన యాప్ ఇది, జాగ్రత్త అన్నట్టు అడ్డం పడ్డది, సెట్టింగ్స్‌కు పోయి బటన్ జరిపితే తప్ప ముందటికి పోనియ్యలే. ఆయన జరిపిండు. తర్వాత మీ ఎస్ఎంఎస్‌లు చదవనిస్తరా అని అడిగింది. లిస్టుల పేరు చూసుకునేదానికి నా మెసేజీలతోని ఏం పని అని ఆడ ఆగినా బతికిపోతుండె, ఆగలే, అలౌ కొట్టిండు. ఆ రాత్రి ఫోన్ దిండు పక్కనే ఉన్నది, ఒక్క ఓటీపీ ఎవరికీ చెప్పలే, తెల్లారేసరికి పైసలు లేవు. బ్యాంకుకు పోతే "ఓటీపీ నువ్వే చెప్పి ఉంటవ్" అని ఆయన్నే నిలదీసిన్రు. ఏడాదికి ఆరు వేలు, విడతకు రెండు వేలు వచ్చే స్కీమ్ పేరు చెప్పి సీజన్ పైసలంత ఊడ్చుకపోయిన్రు.

మరి పక్కింటాయన పంపిండా? పంపలే. ఆయన ఫోన్ల అదే యాప్ ముందే దిగింది. ఎస్ఎంఎస్ చదివే సందు దొరికినంక ఆయన వాట్సాప్‌కు వచ్చే ఆరంకెల కోడ్ కూడ దొంగలే చదువుకొని, ఆయన వాట్సాప్‌నే వాళ్ల ఫోన్ల తెరుచుకొని, ఉన్న గ్రూపులన్నిట్ల అదే ఫైల్ తోసిన్రు. ఈ దందా నడిచేదే తెలిసిన నంబర్ల మీద, మన మహానుభావుడేమో తెలిసిన నంబర్ అయితే భయం లేదని సర్టిఫికెట్ ఇస్తున్నడు. పెండ్లి పత్రిక, ట్రాఫిక్ చలాన్, బ్యాంక్ కేవైసీ, పేరు ఏదన్న ఉండనీ, తోక చూడుర్రి, చివరికి డాట్ ఏపీకే ఉంటే ముట్టకుర్రి. ఏ పెండ్లిపిల్లోడన్న తన పత్రికను ఇన్‌స్టాల్ చేసుకోమంటడా?

ఒకవేళ నొక్కేసిన్రు అనుకో, సిగ్గుపడుకుంట కూసోకుర్రి. ముందు నెట్ బందు చేసి ఫోన్‌ను ఏరోప్లేన్ మోడ్‌ల పెట్టుర్రి, ఇంట్ల వేరేవాళ్ల ఫోన్ తీసుకొని 1930కి కొట్టుర్రి, తర్వాత బ్యాంకుకు చెప్పి ఖాతా ఆపించుర్రి. ఎంత జల్ది చెప్తే పైసలు మధ్యల ఆపే అవకాశం అంత ఎక్కువ. యాప్ తీసుడు, ఫోన్ రీసెట్ చేసుడు ఆ తర్వాత.

ఆరోది దీని తమ్ముడే: "తాళం గుర్తు ఉంటే అసలు వెబ్‌సైట్, నమ్మవచ్చు". కవరుకు సీలు ఉన్నదంటే నడిమిట్ల ఎవరు విప్పలేదని అర్థం, లోపల ఉత్తరం రాసినోడు మంచోడని కాదు. బ్రౌజర్ల అడ్రస్ పక్కన కనపడే తాళం గుర్తు కూడ అంతే, మీకు, ఆ సైట్‌కు మధ్యల మాటలు ఎవరు వినలేరు, సైట్‌ది దొంగోడే అయితే దొంగోనితోని గుట్టుగ మాట్లాడుతున్నరన్నట్టు. ఆ తాళానికి కావాల్సిన సర్టిఫికెట్లు 2015 నుంచి ఫ్రీగనే దొరుకుతున్నయ్. జనాలు ఇట్లనే తప్పు అర్థం చేసుకుంటున్నరని 2023ల క్రోమ్ ఆ తాళం బొమ్మనే తీసేసింది, మన ఫార్వార్డు మాత్రం ఇంకా దాన్ని మోస్తనే ఉన్నది. అడ్రస్ చదువుడు నేర్చుకోవాలె: సర్కారు సైట్ అంటే https:// తర్వాత వచ్చే మొదటి గీతకు (/) ముందు చివరల గవ్ డాట్ ఇన్, లేకుంటే నిక్ డాట్ ఇన్ ఉండాలె, మధ్యల ఎక్కడనో గవ్ అని ఇరికిస్తే చెల్లదు.

ఏడోది, ఇన్‌కాగ్నిటోల (బ్రౌజర్ల ప్రైవేట్ మోడ్‌ల) చూస్తే ఎవరికీ తెల్వదంట. మీ ఫోన్ల హిస్టరీ ఉండదు, అంతే. నెట్ ఇచ్చేటోనికి, ఆఫీసు వైఫై నడిపేటోనికి ఏ సైట్‌కు పోయిన్రో తెలుస్తది. అర్థం కావాల్సినోళ్లకు అర్థమైతది.

ఎనిమిదోది, "64 జీబీ పెన్‌డ్రైవ్‌లో 59 మాత్రమే వస్తుంది, కంపెనీల మోసం". ఇది కూడ ఉతికి ఆరేద్దామనే లెక్క కట్టిన. కంపెనీ 1000 లెక్కన 6400 కోట్ల బైట్లు ఇస్తది, విండోస్ 1024 లెక్కన మూడుసార్లు భాగించి 59.6 చూపెడ్తది. బైట్లు తగ్గలేదు, ప్రకాశం బజార్ల షాపాయనతోని కొట్లాడే పని లేదు. కాని లెక్క కట్టినంక నాకే మండింది. రెండు లెక్కలకు ఒకటే జీబీ అని పేరు పెట్టి అమ్మితే కొన్నోడు మోసమనుకోక ఏమనుకుంటడు? ఫోన్ల సంగతి ఇంకా అన్యాయం, డబ్బ మీద 128 అని పెద్దగ రాస్తరు, అండ్ల ఆండ్రాయిడ్, తీసేద్దామన్నా పోని కంపెనీ యాప్‌లు ముందే కూసొని ఉంటయ్, మనకు మిగిలేదెంతో పెద్దక్షరాలల్ల ఎవడు రాయడు. ఈ పాయింట్ రాసినోనిది లెక్క తప్పు, కడుపుమంట మాత్రం కరెక్టే. దీన్ని ఉంచుకోండి. ఐదు, ఆరు ఉన్న మెసేజ్ పంపినోళ్లు మాత్రం జర పోయి 'డిలీట్ ఫర్ ఎవ్రీవన్' కొట్టుర్రి, టైమ్ దాటిపోతే దాని కింద "ఏపీకే ముచ్చట అబద్ధం, నొక్కకుర్రి" అని ఒక్క ముక్క రాయుర్రి.