ప్రిన్సిపాల్ సంతకం పెడితేనే సంఘమా? అధ్యాపక సంఘాల మీద తిరుగుతున్న ఫార్వర్డుకు జవాబు

నెల రోజుల్లో ఒకే మెసేజీ నాకు నాలుగు గ్రూపుల్లోంచి వచ్చింది. "లెక్చరర్లూ, సంఘం పెట్టే ముందు ఇది చదవండి" అని మొదలై, ఏడు పాయింట్లు చెప్పి, చేతులు జోడించిన బొమ్మతో ముగుస్తుంది. అందులో ఉన్నది ఇదీ: ప్రిన్సిపాల్ నిరభ్యంతర పత్రం లేకుండా సంఘం పెట్టకూడదు. టీచర్లు వర్క్‌మెన్ (చట్టం దృష్టిలో కార్మికులు) కారని సుప్రీంకోర్టే చెప్పింది కాబట్టి వాళ్ల సంఘం చెల్లదు. రిజిస్టర్ అయిందంటే ప్రభుత్వం గుర్తించినట్టే. సంఘంలో అధ్యక్షుడిదే ఆఖరి మాట. కాంట్రాక్టు, గెస్టు వాళ్లకు సభ్యత్వం ఉండదు. ధర్నా చేస్తే ఉద్యోగం పోతుంది. కాలేజీ గవర్నింగ్ బాడీ (పాలక మండలి)లో టీచర్లు ఎలాగూ ఉంటారు గనక సంఘం దండగ.

రెండో పాయింటు సంఘమే చెల్లదంటుంది, మూడోది దానికి సర్కారు ముద్ర వేసేస్తుంది. రాసినాయన తన మెసేజీ తను చదువుకున్నట్టు లేదు. అయినా కొత్తగా చేరినవాళ్లు నమ్ముతున్నారు. మొన్న ఒక అమ్మాయి, ప్రైవేటు డిగ్రీ కాలేజీలో రెండేళ్ల సర్వీసు, "సార్, మేం ఎనిమిది మందిమి కలిసి సంఘం అని లెటర్‌హెడ్ వేయించుకుంటే కేసు పెడతారా?" అని ఫోన్ చేసింది. నేను ఎయిడెడ్ కాలేజీలో కామర్స్ చెప్పి రిటైరైనవాణ్ణి. మా సంఘానికి రెండు విడతలు కోశాధికారిగా చేశాను. లాయరును కాను గానీ ఈ కాగితాలన్నీ చేత్తో పట్టుకుని తిరిగినవాణ్ణి.

ముందు ఆ నిరభ్యంతర పత్రం సంగతి. సంఘాలు, యూనియన్లు పెట్టుకునే హక్కు రాజ్యాంగంలోని 19(1)(సి)లో ఉంది. పెట్టుకోవడం వేరు, రిజిస్టర్ చేయించడం వేరు, గుర్తింపు తెచ్చుకోవడం వేరు. ఈ మూడింటినీ ఒకే ముద్ద చేసెయ్యడమే ఈ మెసేజీ చేసిన అసలు గందరగోళం. రిజిస్ట్రేషన్‌కు మన రెండు రాష్ట్రాల్లోనూ 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం ఉంది. అంతకు ముందు ఆంధ్ర ప్రాంతంలో 1860 చట్టం, తెలంగాణలో 1350 ఫసలీ (నిజాం కాలపు సంవత్సరాల లెక్క) చట్టం నడిచేవి. ఇప్పుడు ఏడుగురు కలిసి, మెమోరాండం (సంఘం పేరు, ఉద్దేశాలు చెప్పే పత్రం), బైలాస్ (సంఘం నడిచే నియమాలు) రాసుకుని, సంతకాలు పెట్టి జిల్లా రిజిస్ట్రార్ దగ్గరకు వెళ్లాలి. కాలేజీ యాజమాన్యం అనుమతి అనే మాట ఆ చట్టంలో లేదు.

మరి ఈ పత్రం గోల ఎక్కడ పుట్టిందంటే, అడ్రసు దగ్గర. సంఘానికి ఒక ఆఫీసు చిరునామా చూపించాలి. ఆ ఇల్లు మీది కాకపోతే ఓనరు నుంచి అభ్యంతరం లేదని కాగితం అడుగుతారు. కాలేజీ బిల్డింగే అడ్రసుగా ఇచ్చామనుకోండి, ఓనరు కాలేజీయే, సంతకం పెట్టాల్సింది ప్రిన్సిపాలో కరస్పాండెంటో. ఎప్పుడో ఎవరో స్టాఫ్ రూమ్ నంబరు రాసి ఇరుక్కుని ఉంటారు. అది తిరిగి తిరిగి "ప్రిన్సిపాల్ ఒప్పుకోకపోతే సంఘం లేదు" అయి కూర్చుంది. తెలిసినవాళ్లు ఒక సభ్యుడి ఇంటి అడ్రసు ఇస్తారు. అంతటితో సరి.

ఇక్కడ ఒక మాట దాచకుండా చెప్పాలి. రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ ఉన్నంత మాత్రాన యాజమాన్యం కన్నెర్ర చెయ్యకుండా ఉండదు. ఆ సర్టిఫికెట్ ఉద్యోగానికి బీమా కాదు. ఉద్యోగాన్ని కాపాడేది వేరే చట్టం, 1982 నాటి విద్యా చట్టం. ప్రైవేటు విద్యాసంస్థలో పనిచేసేవాణ్ణి విచారణ లేకుండా డిస్మిస్ చెయ్యకూడదని దాని 79వ సెక్షన్ చెబుతుంది. మన లెక్చరర్లలో ఈ నంబరు నోటికి వచ్చేవాళ్లు ఎంతమంది? ఫార్వర్డు చేసే ఓపికలో పదో వంతు దీనిమీద పెడితే బాగుండేది.

రెండో పాయింటు వినడానికి బరువుగా ఉంటుంది, ఎందుకంటే తీర్పు నిజమే. 1988లో సుందరాంబాళ్ అనే గోవా స్కూల్ టీచర్ కేసులో, టీచర్లు 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టం కింద వర్క్‌మెన్ కారని సుప్రీంకోర్టు చెప్పింది. అయితే కోర్టు తేల్చింది ఆ ఒక్క చట్టంలోని ఆ ఒక్క నిర్వచనం సంగతి. లేబర్ కోర్టు దారి మూసుకుంది తప్ప సంఘం పెట్టుకోవద్దని ఎక్కడా అనలేదు. పైగా టీచర్లకు న్యాయం దొరికే ఏర్పాటు ఒకటి చట్టంలో ఉండాల్సిన అవసరం ఉందని అదే తీర్పులో ఉంది. మెసేజీ పెట్టినాయన అక్కడిదాకా చదవలేదు.

ఒక చట్టంలో లేనివాళ్లు ఇంకో చట్టంలో ఉండకూడదని ఏమీ లేదు. గ్రాట్యుటీ, అంటే ఉద్యోగం వదిలేటప్పుడు సర్వీసును బట్టి ఇచ్చే డబ్బు, దాని సంగతి చూడండి. టీచర్లు ఆ చట్టంలో చెప్పిన ఉద్యోగులు కారని 2004లో సుప్రీంకోర్టు అంది. ఆ కేసు వేసి ఓడిపోయింది అహ్మదాబాద్‌లోని ఒక ప్రైవేటు ప్రాథమిక టీచర్ల సంఘం. ఓడిపోయిన తరవాత 2009లో పార్లమెంటు చట్టాన్నే సవరించి, 1997 ఏప్రిల్ 3 నుంచి వర్తించేలా టీచర్లను అందులో చేర్చింది. ప్రైవేటు స్కూళ్లవాళ్లు దానిమీద కోర్టుకెక్కితే 2022లో సుప్రీంకోర్టు ఆ సవరణ సబబేనంది. టీచర్ల సంఘమే చెల్లదనేటట్టయితే ఆ అహ్మదాబాద్ సంఘాన్ని కోర్టు గుమ్మంలోనే ఆపేసేవారు.

మూడోది, రిజిస్టరైతే ప్రభుత్వం గుర్తించినట్టేనా? కాదు. రిజిస్ట్రార్ ఇచ్చేది బర్త్ సర్టిఫికెట్ లాంటిది. పుట్టాడని రాస్తారు, బుద్ధిమంతుడని రాయరు. గుర్తింపు ప్రభుత్వ ఉద్యోగుల సంఘాలకు సర్కారు విడిగా ఇచ్చేది. అది ఉంటే చర్చలకు పిలుపు వస్తుంది, ఆఫీస్ బేరర్లకు బదిలీల్లో కొంత వెసులుబాటు ఉంటుంది. గుర్తింపు లేదని సంఘం నేరం అయిపోదు. 1962లోనే ఇది తేలింది. గుర్తింపు లేని సంఘంలో ఉద్యోగి ఉండకూడదన్న కేంద్ర ప్రభుత్వ నిబంధనను ఓ.కె. ఘోష్, ఇ.ఎక్స్. జోసెఫ్ కేసులో సుప్రీంకోర్టు కొట్టేసింది. జోసెఫ్ బొంబాయి అకౌంట్స్ ఆఫీసు ఉద్యోగి, అక్కడి సంఘానికి సెక్రటరీ.

నాలుగో పాయింటు దగ్గర నాకు నిజంగా కోపం వచ్చింది. "అధ్యక్షుడిదే ఆఖరి మాట" అట! సంఘాల్ని చంపేది యాజమాన్యాల కన్నా ఈ నమ్మకమే ఎక్కువ.

సంఘంలో ఆఖరి మాట జనరల్ బాడీది, అంటే సభ్యులందరూ కూర్చునే సభది. అధ్యక్షుడు మీటింగు నడుపుతాడు, కార్యదర్శి నోటీసు ఇస్తాడు, తీర్మానాలు రాస్తాడు, ఉత్తరాలు నడుపుతాడు. కోశాధికారి రసీదు పుస్తకం, పాస్‌బుక్కు కాపాడతాడు. రెండు జనరల్ బాడీల మధ్య పని ఆగకుండా చూసేందుకే కార్యవర్గం. ఎవరి అధికారం ఎంతో బైలాస్‌లో రాసి ఉంటుంది. అందులో లేని అధికారం సీనియారిటీ వల్ల రాదు, గొంతు వల్ల అసలే రాదు.

మా సంఘంలో జరిగింది చెబుతాను. కాలేజీ పేరు, మనుషుల పేర్లు వద్దు. ఎరియర్స్ (రావాల్సిన బకాయిలు) మూడు వాయిదాల్లో తీసుకోవడానికి సంఘం ఒప్పుకుంటోందని మా ప్రెసిడెంటు గారు ఒంటిచేత్తో యాజమాన్యానికి లెటర్ ఇచ్చేశారు. మంచి మనిషే, ఎలాగోలా డబ్బు వస్తే చాలనుకున్నారు. జనరల్ బాడీలో విషయం బయటపడింది. మా తెలుగు మాస్టారు లేచి గట్టిగా కూడా అనలేదు, "ప్రెసిడెంటు గారూ, తీర్మానం నంబరు ఎంతండీ?" అన్నారు. అంతే. మీటింగుల తీర్మానాలు రాసే మినిట్స్ బుక్కు తెప్పించారు. రెండు వందల పేజీల లాంగ్ నోట్‌బుక్, ప్రతి పేజీకీ చేత్తో వేసిన నంబరు, ప్రతి మీటింగు కిందా సంతకాలు, ఖాళీ మిగిలినచోట తరవాత ఎవరూ ఏమీ ఇరికించకుండా ఎర్ర ఇంకుతో అడ్డగీత. పోయిన మీటింగు పేజీ, అంతకు ముందు పేజీ, ఇంకా వెనక్కి తిప్పాం. వాయిదాల మాటే లేదు. ప్రెసిడెంటు గారు కాసేపు కళ్లజోడు తుడుచుకుని, "నాదే పొరపాటు, లెటర్ వెనక్కి తీసుకుంటాను" అన్నారు. తెల్లారి కార్యదర్శి తీర్మానం నంబరు వేసి ఇంకో లెటర్ ఇచ్చాడు. యాజమాన్యం మొహం మాడ్చుకుంది గానీ కాదనలేకపోయింది.

ఆ అడ్డగీత పెట్టించింది నా కన్నా ముందు చేసిన కోశాధికారి. అప్పట్లో ఆయన్ని చాదస్తం మనిషి అని నవ్వుకునేవాళ్లం.

డబ్బు గురించి మెసేజీలో ఏమీ లేదు, నేను కలుపుతాను. బ్యాంకు ఖాతా సంఘం పేరు మీద ఉండాలి, ఎవరి సొంత ఖాతాలోనూ కాదు. ఇద్దరి సంతకం లేకుండా చెక్కు కదలకూడదు. ఇప్పుడు చందాలు కోశాధికారి ఫోన్‌కు యూపీఐలో పంపేస్తున్నారు. సులువే, కానీ ఆయన కూతురి పెళ్లి ఖర్చూ మీ చందా ఒకే స్టేట్‌మెంటులో కనిపిస్తే రేపు ఆడిట్‌లో ఏం చూపిస్తారు? జనరల్ బాడీ అయిన 15 రోజుల్లో కార్యవర్గం జాబితా ఏటా రిజిస్ట్రార్ ఆఫీసులో ఇవ్వాలని కూడా సొసైటీల చట్టంలో ఉంది. చాలా సంఘాలు మొదటి ఏడాది ఇచ్చి మరిచిపోతాయి. తరవాత రెండు వర్గాలై, కార్యవర్గం మాదంటే మాదని కొట్టుకున్నప్పుడు పాత ఫైలు వెతుకుతారు. అలాంటి తగాదాను మధ్యవర్తిత్వానికో జిల్లా కోర్టుకో తీసుకెళ్లొచ్చని 23వ సెక్షన్. అక్కడా మొదట అడిగేది బైలాస్, మినిట్స్ బుక్కే.

కాంట్రాక్టు, గెస్టు వాళ్లకు సభ్యత్వం ఉండదన్నది చట్టం మాట కాదు. ఎవరిని చేర్చుకోవాలో బైలాస్ ఇష్టం. ఈ విషయంలో తప్పు మా తరానిదే. వాళ్లను ఓటు లేని సహ సభ్యులుగా ఉంచి, చందా మాత్రం తీసుకున్నాం. రెగ్యులర్ పోస్టులు నింపడం ఆగిపోయి, మేం ఒక్కొక్కరం రిటైరై వెళ్లిపోతుంటే, చివరికి కోరానికి, అంటే మీటింగు చెల్లడానికి కావలసిన కనీస సంఖ్యకు, మనుషులు లేక మీటింగులు వాయిదా పడ్డాయి. పక్క గదిలో ఓటు లేనివాళ్లు పదిహేను మంది ఉన్నారు. అప్పుడు బైలాస్ సవరిద్దామంటే సవరణకూ కోరం కావాలి కదా!

ధర్నా పాయింటులో సగం నిజం ఉంది. సమ్మె ప్రభుత్వోద్యోగుల ప్రాథమిక హక్కు కాదు. 2003లో తమిళనాడు ప్రభుత్వం సమ్మె చేసిన ఉద్యోగుల్నీ టీచర్లనీ లక్షన్నరకు పైగా ఒక్కసారి తీసేసినప్పుడు రంగరాజన్ కేసులో సుప్రీంకోర్టు ఆ మాటే చెప్పింది. కాకపోతే సమ్మె వేరు, నిరసన వేరు. 1962లో కామేశ్వర్ ప్రసాద్ కేసులో బీహార్ ప్రభుత్వం ప్రదర్శనలన్నిటినీ నిషేధించిన నిబంధనను అదే కోర్టు అంతవరకు కొట్టేసింది, సమ్మె నిషేధాన్ని మాత్రం ఉంచింది. నల్ల బ్యాడ్జీతో పాఠం చెప్పడం, లంచ్ అవర్‌లో గేటు దగ్గర నిలబడటం పాతకాలం నుంచీ ఉన్నవే.

ఇక గవర్నింగ్ బాడీ. అటానమస్ (స్వయంప్రతిపత్తి ఉన్న) కాలేజీల గవర్నింగ్ బాడీలో ఇద్దరు టీచర్లు ఉండాలని యూజీసీ (విశ్వవిద్యాలయాల గ్రాంట్ల సంఘం) నిబంధనల్లో ఉన్న మాట నిజం. వాళ్లను సీనియారిటీని బట్టి నామినేట్ చేసేది ఎవరనుకున్నారు, ప్రిన్సిపాల్. మీరు ఎన్నుకోలేదు, మీకు జవాబు చెప్పరు, మీ మాట అక్కడ ఎత్తారో లేదో అడిగే జనరల్ బాడీ వాళ్లకు లేదు. సంఘం చేసే పని వాళ్లు ఎలా చేస్తారు?

ఫోన్ చేసిన అమ్మాయికి ఇంత చెప్పలేదు. ఏడుగురు చాలమ్మా, మీరు ఎనిమిది మంది ఉన్నారు, ముందు బైలాస్ రాసుకోండి, లెటర్‌హెడ్ తరవాత వేయించుకోవచ్చు, అడ్రసు మాత్రం కాలేజీది ఇవ్వకండి అన్నాను. వాళ్ల ఫిజిక్స్ మేడమ్‌కు సొంతిల్లు ఉందట. ఆవిడ అత్తగారిని అడిగి చెబుతానంది.