సవరణ: యూఎస్‌బీ హబ్‌తో కరెంటు పెరగదు

కంప్యూటర్‌లోని ఒక యూఎస్‌బీ పోర్టును నాలుగు చేసే హబ్ పెడితే ఒక్కో పోర్టుకీ 500 మిల్లీఆంపియర్లు అందుతాయని గత పోస్టులో ఉంది. సొంత కరెంటు అడాప్టర్ లేని హబ్‌కు ఇది వర్తించదు.

యూఎస్‌బీ 2.0 పోర్టు ఇచ్చేది 5 వోల్టుల దగ్గర గరిష్ఠంగా 500 మిల్లీఆంపియర్లు, 3.0 అయితే 900. అడాప్టర్ లేని హబ్ ఆ ఒక్క వాటానే పంచుతుంది. 2.0 హబ్ తన ఖర్చు పోను ఒక్కో పోర్టుకు ప్రమాణం ప్రకారం ఇవ్వాల్సింది 100 మాత్రమే. మౌసు, కీబోర్డు, పెన్‌డ్రైవ్‌లకు మామూలుగా ఇబ్బంది రాదు. గొడవంతా పోర్టబుల్ హార్డ్‌డిస్కుతోనే. లోపలి పళ్లెం తిరగడం మొదలయ్యే క్షణంలో అది ఎక్కువ కరెంటు లాగుతుంది. అందకపోతే వోల్టేజీ పడిపోయి, డిస్కు టిక్ టిక్‌మంటూ ఆగి మళ్లీ మొదలవుతుంది. డ్రైవ్ కనిపించి మాయమవుతుంటుంది. చాలామంది డిస్కు పోయిందనుకుని ఫార్మాట్ కొట్టేస్తారు. దయచేసి ఆ పని చేయకండి.

ముందు హబ్ తీసేసి డిస్కును నేరుగా కంప్యూటర్‌కు పెట్టండి. డెస్క్‌టాప్ అయితే వెనక పోర్టు వాడండి, ముందు పోర్టుకు క్యాబినెట్ లోపల అదనపు వైరు ఉంటుంది. కేబుల్ పొట్టిది, మందంగా ఉన్నది చూడండి. సన్నటి పొడవు కేబుల్ దారిలోనే వోల్టేజీ తినేస్తుంది. హబ్ తప్పదంటే సొంత అడాప్టర్ ఉన్నదే కొనండి: 5 వోల్టులు, 3 ఆంపియర్లు ఉంటే ఒక హార్డ్‌డిస్కుకూ చిన్నాచితకా పరికరాలకూ సరిపోతుంది.

టైప్-సి పోర్టు 3 ఆంపియర్లు ఇస్తుందని రాసిన వాక్యానికీ చిన్న మార్పు. టైప్-సి అనేది పోర్టు ఆకారం. 3 ఆంపియర్లు ఇస్తుందన్న హామీ కాదు. లాప్‌టాప్ మాన్యువల్ చూసుకోండి.