మహారాజశ్రీ ఎన్నికల కరపత్రం గారికి

బెంగళూరులో మారతహళ్లి, కె.ఆర్.పురం, మహదేవపుర వైపు కాపురాలుంటున్న తెలుగు ఓటర్లు నమస్కరించి వ్రాయునది ఏమనగా,

ఉభయకుశలోపరి. 2023 మే 10 పోలింగుకు ముందు తమరు మా గేట్ల సందుల్లో, పాల ప్యాకెట్ల సంచుల్లో, స్కూటర్ల హ్యాండిళ్ల మీద దర్శనమిచ్చారు. 2028లో మళ్లీ వేంచేస్తారు. ఈలోగా కాస్త తీరిక ఉంది గనక తమ గురించి నాలుగు మాటలు.

తమ మొదటి పేజీ జీవిత చరిత్ర. కన్నడ ప్రతిలో అభ్యర్థిగారు ఈ మట్టిలోనే పుట్టి పెరిగారు. తెలుగు ప్రతికొచ్చేసరికి వాళ్ల తాతగారిది హిందూపురం దగ్గర పల్లె. తమిళ ప్రతిలో అమ్మమ్మగారిది హోసూరు. వంశవృక్షానికి భాషకో కొమ్మ మొలిస్తే మాకేం అభ్యంతరం లేదు, ఈ ఊళ్లో అది నిజమైనా కావచ్చు. చిక్కంతా ఆ కింది మూడు వరుసలతోనే. వృత్తి: సమాజసేవ. విద్య: ఉన్నతం. బాల్యం: సైకిలు.

తమకొక అన్నగారున్నారు, ఫారం 26 అని. నామినేషన్‌తో పాటు ప్రమాణం చేసి ఇచ్చే అఫిడవిట్. మీరిద్దరూ చెప్పేది ఒకే మనిషి గురించంటే నమ్మబుద్ధి కాదు. ఆయన దగ్గర 'సమాజసేవ' అని గీసేస్తే సరిపోదు. అభ్యర్థి ఆదాయం ఎక్కడి నుంచో, భార్య లేదా భర్త ఆదాయం ఎక్కడి నుంచో విడివిడిగా రాయాలి. ఐదేళ్ల ఆదాయపు పన్ను రిటర్నుల్లో చూపిన అంకెలు వేయాలి. చదువు ఏ కాలేజీలో, ఏ ఏడాది ముగిసిందో చెప్పాలి. కేసులుంటే ఎఫ్ఐఆర్ నంబరు, కోర్టు, సెక్షన్లు. గడి ఖాళీగా వదలకూడదని, 'లేదు' అనో 'వర్తించదు' అనో రాయాల్సిందేనని 2013లో సుప్రీంకోర్టు తేల్చింది. రిటర్నింగ్ అధికారి గుర్తుచేశాక కూడా నింపకపోతే నామినేషన్ కొట్టేయొచ్చు.

అన్నగారిలో మాకు బాగా నచ్చింది వాహనాల గడి. మోటారు వాహనాలు, విమానాలు, విహార నౌకలు, ఓడలు అని ఉంటుంది. కంపెనీ, రిజిస్ట్రేషన్ నంబరు, కొన్న ఏడాది, ధర వేయాలి. ప్రభుత్వ బకాయిల దగ్గర హెలికాప్టరు బాకీ సంగతి కూడా అడుగుతారు. బస్ పాస్‌కు మాత్రం గడి లేదు. అభ్యర్థిగారి రవాణా విధానం తమ లోపలి పేజీల్లో కంటే ఇక్కడే బాగా అర్థమవుతుంది. చరాస్తుల్లో నాలుగు కార్లుండి, స్థిరాస్తుల్లో ఇల్లు 30×40 సైటులో ఉంటే, మిగతా మూడు కార్లు ఎక్కడ నిలుస్తాయో ఆ వీధిలో నడిచేవాళ్లను అడగక్కర్లేదు. అఫిడవిట్ ఎన్నికల సంఘం వెబ్‌సైట్‌లో దొరుకుతుంది. తమలాగా గేటు దాకా రాదు, అదొక్కటే లోటు.

ఇక లోపలి పేజీ. మెట్రో ఫొటో, దాని మీద అభ్యర్థిగారి నమస్కారం. మెట్రో రెండో దశకు కేంద్రం అనుమతి వచ్చింది 2014లో. కె.ఆర్.పుర–వైట్‌ఫీల్డ్ ముక్క తెరిచింది 2023 మార్చి 25న. ఆర్.వి.రోడ్డు–బొమ్మసంద్ర పసుపు మార్గం 2025 ఆగస్టులో. మధ్యలో రెండు శాసనసభ ఎన్నికలు గడిచాయి, అంటే ఒకే రైలును రెండు తరాల కరపత్రాలు తెచ్చిపెట్టాయి. ఆ మెట్రోను కట్టే బి.ఎం.ఆర్.సి.ఎల్ కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాల ఉమ్మడి సంస్థ. డి.పి.ఆర్ అనే సవివర ప్రాజెక్టు నివేదిక, రాష్ట్ర మంత్రివర్గం, కేంద్ర మంత్రివర్గం, విదేశీ రుణం, భూసేకరణ: ఈ మెట్లలో ఎమ్మెల్యే సంతకం పెట్టే మెట్టు ఒక్కటీ లేదు.

సరే, తన సొంత నిధితోనే కట్టిస్తారనుకుందాం. ఎమ్మెల్యే నియోజకవర్గ నిధి ఏడాదికి 2 కోట్లు. సిల్క్‌బోర్డు నుంచి కె.ఆర్.పుర మీదుగా విమానాశ్రయానికి వెళ్లే మార్గానికి 2021లో ఆమోదించిన అంచనా 58.19 కిలోమీటర్లకు 14,788 కోట్లు. మీటరుకు పాతిక లక్షల పైమాటే. అభ్యర్థిగారు ఐదేళ్ల నిధిలో పైసా ఇంకెక్కడా ఖర్చుపెట్టకపోతే 39 మీటర్ల మెట్రో వస్తుంది. ఆరు బోగీల రైలులో రెండు బోగీలు కూడా దాని మీద పూర్తిగా నిలబడవు.

పైగా పట్టాలుంటే చాలదు. పసుపు మార్గం మూడంటే మూడు రైళ్లతో మొదలైంది. మార్గం సిద్ధమైనా బోగీలు అందక 25 నిమిషాలకొకటి నడిచింది. ఈసారి తమలో 'మెట్రో తెస్తాం' అని వేసేటప్పుడు, ఎన్ని రైళ్లు, ఎన్ని నిమిషాలకొకటి అన్న వరుస కూడా వేయించుకోండి. అచ్చుఖర్చు పెద్దగా పెరగదు.

ఎమ్మెల్యే చేతిలో నిజంగా ఉన్న పనులకు తమలో చోటే ఉండదెందుకో. ఔటర్ రింగ్ రోడ్డు మీద సిల్క్‌బోర్డు–కె.ఆర్.పుర మధ్య 2019లో బస్సులకు విడిగా దారి కేటాయించి, బొల్లార్డులనే అడ్డు స్తంభాలు పాతారు. బళ్లు తగిలి కొన్ని పడిపోయాయి, మిగతా వాటిని మెట్రో పనులు మింగేశాయి. దాన్ని తిరిగి తెప్పించాలంటే సిటీ బస్సులు నడిపే బి.ఎం.టి.సి, ట్రాఫిక్ పోలీసులు, పాలికె (నగర పాలక సంస్థ) ఒకే బల్ల దగ్గర కూర్చోవాలి. ఆ ముగ్గురినీ పిలిపించి కూర్చోబెట్టే పలుకుబడి ఎమ్మెల్యేకే ఉంటుంది. 2020 సెప్టెంబరులో పాలికె కౌన్సిల్ గడువు ముగిశాక ఏళ్ల తరబడి కార్పొరేటర్లే లేరు గనక, ఫుట్‌పాత్ గొడవ కూడా ఆయన గుమ్మంలోకే వచ్చింది. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణం ప్రకారం నడవడానికి కనీసం 1.8 మీటర్ల ఖాళీ వెడల్పు ఉండాలి, అంచు ఎత్తు 150 మిల్లీమీటర్లు దాటకూడదు. ట్రాన్స్‌ఫార్మర్ కరెంటు సంస్థ బెస్కాంది, కింద పైపు జలమండలిది, బండ పాలికెది. తారు వేసిన తర్వాత పైపు కోసం తవ్వడం ఈ ముగ్గురి మధ్య రివాజు. తవ్వకం ముందు, తారు తర్వాత అని తేదీలు సరిచూసేవాడు కావాలి. దానికి 2 కోట్లు అక్కర్లేదు, ఒక క్యాలెండరు చాలు.

నిధిలోంచి బస్ షెల్టరు కట్టించినప్పుడు కూడా పైన ఎమ్మెల్యేగారి ఫొటో ఉంటుంది గానీ, కింద ఏ నంబరు బస్సు ఎన్నింటికి వస్తుందో ఉండదు. 500డి కోసం నిల్చున్నవాళ్లకు ఆ ముఖం కంఠతా వచ్చేసింది. ఎన్నికల కోడ్ అమల్లోకి రాగానే ఫొటోకు గుడ్డ కప్పుతారు. ఆ నెలన్నర మాత్రం షెల్టరు షెల్టరులాగే ఉంటుంది.

నామినేషన్ ఊరేగింపు మాట కూడా ఒకటి. రిటర్నింగ్ అధికారి కార్యాలయానికి 100 మీటర్ల లోపల మూడు వాహనాలకే అనుమతి. ట్రాఫిక్ రహిత బెంగళూరు ఆ 100 మీటర్లలో ఆ పూటకు సాక్షాత్కరిస్తుంది. మిగతా బళ్లన్నీ 101వ మీటరు దగ్గర ఆగి ఉంటాయి.

చిత్తగించవలెను.

తా.క. తమ అడుగున ముద్రాపకుడి పేరు, ప్రచురణకర్త పేరు, ఇద్దరి చిరునామాలు ఉండాలని ప్రజాప్రాతినిధ్య చట్టం సెక్షన్ 127ఎ అంటుంది. లేకపోతే ఆరు నెలల వరకు జైలు, లేదా 2,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. అచ్చుకైన ఖర్చు అభ్యర్థి 40 లక్షల పరిమితిలో పడాలి గనక కాబోలు, కొందరు తోబుట్టువులు అనాథల్లా చిరునామా లేకుండా వస్తుంటారు. అలాంటివారి కోసం ఎన్నికల సంఘం సి-విజిల్ యాప్ పెట్టింది. గ్యాలరీలో దాచుకున్న ఫొటో అందులో ఎక్కదు. గేటు దగ్గరే, తమరు ఇంకా పాలల్లో తడవకముందే తీయాలి.