పిచ్చి కుదిరింది, రోకలి తెండి

కారు నా చేతికి వచ్చేనాటికే అది కిందికి దిగి ఉంది. ఆ తప్పు నాది కాదు. నాకు ముందు దాన్ని నడిపిన కుర్రాడు స్ప్రింగులు మార్పించి 40 మిల్లీమీటర్లు దించేశాడు. నేలకీ కారు పొట్టకీ మధ్య 170 మిల్లీమీటర్లు ఉండాల్సింది 130 మిగిలింది. అందుకే చవగ్గా వచ్చింది. మా పెద్దమ్మ మొదటిసారి చూసి, "నాలుగు టైర్లలోనూ గాలి పోయిందేంట్రా అబ్బాయ్?" అంది.

దించినవాడు చక్రాల జోలికి పోలేదు. అవి పాతవే, పదిహేనంగుళాలవి. పట్టుపంచె కట్టి హవాయి చెప్పులేసుకున్న పెళ్లికొడుకులా ఉందని నాకు అనిపించింది. ఈ అనిపించడం మాత్రం పూర్తిగా నా తప్పే.

సంక్రాంతికి వారం ముందు ఒక షాపుకెళ్లి పదహారంగుళాల అల్లాయ్ వీల్స్ బేరం చేశాను. వాటికి 205/50 టైర్లు, అంటే వెడల్పు 205 మిల్లీమీటర్లు, పక్క గోడ ఎత్తు అందులో 50 శాతం. షాపు కుర్రాడు ఏవో నంబర్లు చెప్పబోయాడు. నేను రంగు చూస్తున్నాను. ఆ నంబర్లన్నీ తర్వాత నేర్చుకున్నాను, ఈత రానివాడు కాలవలో పడ్డాక నేర్చుకున్నట్టు.

అన్నిటికంటే దుర్మార్గమైన నంబరు ఆఫ్‌సెట్. రిమ్ము వెడల్పుకి సరిగ్గా మధ్యలో గీత గీశామనుకోండి. బోల్టులు బిగించే ముఖం ఆ గీతకి ఎంత బయటివైపున ఉందో చెప్పేదే ఆఫ్‌సెట్. ఆ అంకె తగ్గేకొద్దీ చక్రం బయటికి నడుస్తుంది. నా పాత రిమ్ము వెడల్పు అయిదున్నర అంగుళాలు, ఆఫ్‌సెట్ 45 మిల్లీమీటర్లు. కొత్తది ఏడంగుళాలు, ఆఫ్‌సెట్ 25. రెండు తేడాలూ కలిసి రిమ్ము బయటి అంచు 39 మిల్లీమీటర్లు బయటికొచ్చింది. లోపలి అంచు దాదాపు ఎక్కడిదక్కడే. అరుగు మీద కూర్చున్న పెద్దమనిషి కాళ్లు రోడ్డు మీదికి చాపినట్టయింది.

పెద్ద చక్రం వేస్తే బండి కాస్తయినా లేస్తుందని ఆశపడ్డాను కూడా. రిమ్ము పెరిగింది గానీ టైరు గోడ తగ్గింది. పాత టైరు 185/65. మొత్తం చక్రం ఎత్తు లెక్కేస్తే 621 మిల్లీమీటర్ల నుంచి 611కి పడింది. అంటే బండి ఇంకో అయిదు మిల్లీమీటర్లు దిగింది. డబ్బిచ్చి మరీ దింపించుకున్నాను.

రిమ్ము మధ్య చిల్లు మా కారు హబ్బు, అంటే చక్రం బిగించే ఇరుసు మొన, కంటే పెద్దది. గారె చిల్లులో పుల్ల పెట్టినట్టు వదులుగా ఉంటుంది. దానికి ప్లాస్టిక్ రింగులు వెయ్యాలి. ఒక చక్రానికి మర్చిపోయారు. ఎనభై స్పీడు దాటితే స్టీరింగ్ వణుకుతుందట. పండగ ముందు మా రోడ్ల మీద ఎనభై దాటిన మగాడు లేడు కాబట్టి ఆ సంగతి చాలా రోజులు బయటపడలేదు.

షాపులో బండిని లిఫ్టు మీదికెత్తి నాలుగు చక్రాలూ తిప్పి చూపించారు. గాల్లో బ్రహ్మాండంగా తిరిగాయి. ఎక్కడా తగల్లేదు. గాల్లో ఏదీ దేనికీ తగలదు మరి.

భోగి ముందురోజు పొద్దున్నే భీమవరంలో బయల్దేరాం. మా అత్తారిల్లు రాజోలు దగ్గర. ముందు నేనూ మా ఆవిడా, వెనక మా అబ్బాయీ, పెద్దమ్మా, ఆవిడ ఒళ్లో స్వీట్ల డబ్బా. మొదటి స్పీడ్ బ్రేకర్ దగ్గరే వెనకనుంచి 'బర్ర్'మని చప్పుడు, ఆ వెంటనే కాలిన రబ్బరు వాసన. పెద్దమ్మ ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని, "ఎవరో దోమలకి టైర్లు తగలబెడుతున్నార్రా" అంది. తగలబడుతున్నవి మనవేనని చెప్పడానికి మనసొప్పలేదు. మనుషులెక్కేసరికి వెనక స్ప్రింగులు కుంగి, ఫెండరు, అంటే చక్రం మీద కప్పి ఉండే రేకు, దాని అంచు కత్తిపీటలా టైరు మీద కూర్చుంటోంది.

ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ వాళ్లు స్పీడ్ బ్రేకరుకి కొలతలు పెట్టారు. 10 సెంటీమీటర్ల ఎత్తు, 3.7 మీటర్ల వెడల్పు, మెల్లగా ఎక్కి మెల్లగా దిగాలి. మా ఊళ్లలో అవి ఎవరింటి ముందు వాళ్లు, ఎవరి కోపాన్ని బట్టి వాళ్లు పోసుకున్నవి. కొన్నింటిని చూస్తే ఇంటి పునాదికి తెచ్చిన కాంక్రీటు మిగిలిందని తెలిసిపోతుంది.

రెండోదానికి ఉపాయం తట్టింది. వెనకవాళ్లు దిగి నడిచి దాటితే, బండి తేలికై తగలకుండా దాటుతుంది. దిగారు, నడిచారు, ఎక్కారు. పాలకొల్లు చేరేసరికి పెద్దమ్మ పదకొండుసార్లు దిగింది. ఒక ఊళ్లో అరుగు మీద పేపరు చదువుకుంటున్న పెద్దాయన కళ్లజోడు పైకెత్తి, "మొక్కుబడా అండీ?" అని అడిగాడు. పెద్దమ్మ తొణక్కుండా, "ఆయ్, మావాడికి బుద్ధి రావాలనండీ" అంది.

చించినాడ వంతెన మీద మాత్రం హాయిగా వచ్చాం. గోదావరి పాయ వశిష్ఠ దాటాక కోనసీమ. కోనసీమ అంటే కాలవలు. కాటన్ దొర పుణ్యమా అని 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయింది, మా డెల్టాకి అన్నం దొరికింది. ఆయన విగ్రహానికి దండెయ్యని ఊరుండదు. నేనూ వేశాను. కానీ కాలవకో వంతెన, వంతెనకో మూపురం. మా అత్తారి ఊరి మలుపులో ఉన్నది ఇరుకైనదీ, మరీ పాతదీ. ముందు చక్రాలు దాటాయి, వెనక చక్రాలు దాటలేదు. మధ్యలో కారు పొట్ట 'గర్ర్'మని మూపురం మీద కూర్చుంది, ఎద్దు మీద పిల్లాణ్ణి కూర్చోబెట్టినట్టు.

ఇటు చేపల వ్యాను ఆగింది, అటు కొబ్బరికాయల ట్రాక్టరు ఆగింది. మా జిల్లాల్లో ఎవరూ తిట్టరు. తిడితే బావుండు. ట్రాక్టరు మీంచి ఒకాయన దిగి, వంగి, కారు కిందికి చూసి, చేతులు కట్టుకుని, "కారు బాగుందండి. పడవగా కూడా పనికొస్తుందాండీ?" అన్నాడు. చేపల వ్యాను కుర్రాడు చక్రాలు నిమిరి చూశాడు. "ఎంతయ్యిందండీ?" చెప్పాను. "ఆయ్. మరి బండి నడవడానికి వేరేగా కట్టాలేమోనండీ?"

ఆ రెండు బళ్లలోంచీ దిగిన ఎనిమిదిమందే వెనక పట్టుకుని ఎత్తి దాటించారు. అంతమందీ పట్టి మోస్తుంటే కారు మొదటిసారి కంపెనీ చెప్పిన ఎత్తులో నడిచింది.

ఇంటికి చేరాక మా బావమరిది రంగంలోకి దిగాడు. ఇంజనీరింగ్ రెండో సంవత్సరం. "దీనికి మందుంది బావా. ఫెండరు లోపలి అంచుని పైకి మడిచేస్తే టైరుకి తగలదు. ఫారిన్లో బేస్‌బాల్ బ్యాటుతో చేస్తారు" అన్నాడు. బేస్‌బాల్ బ్యాటు మా కోనసీమలో ఎక్కడుంటుంది? గుండ్రంగా, గట్టిగా, మూరలకొద్దీ పొడుగున్న కర్ర కావాలి. ఇద్దరం ఒకేసారి వంటింటి వసారా వైపు చూశాం.

మా అత్తగారు అరిసెలకి పిండి దంపుతున్నారు. మిల్లు పిండితో చేస్తే అరిసె అరిసెలా ఉండదని ఆవిడ నమ్మకం. నానేసిన బియ్యం వాడ్చి, తడి ఆరకుండా రోట్లో దంచి జల్లించాలి. ముప్పావు వంతు అయింది. ఇంకో వాయ ఉంది. ఆవిడ పాకం చూడ్డానికి లోపలికి వెళ్లారు. రోకలి గోడకి ఆనించి ఉంది.

"అయిదు నిమిషాలు" అన్నాడు బావమరిది.

ముందు జాకీ కారు కిందికి దూరలేదు, అంత కిందికుంది బండి. వెనక చక్రాల్ని రెండు ఇటుకల మీదికి ఎక్కించి, అప్పుడు జాకీ దూర్చి లేపాం. మా మరదలి హెయిర్ డ్రయ్యరుతో ఫెండరు అంచుని వేడిచేశాం, పెయింటు మెత్తబడి పగలకుండా. టైరుకీ ఫెండరుకీ మధ్య రోకలి దూర్చి జాకీ దించాం. ఇప్పుడు కారుని మెల్లగా ముందుకీ వెనక్కీ నెడితే, టైరు తిరుగుతూ రోకలిని దొర్లిస్తుంది, రోకలి అంచుని మడుస్తుంది. నిజం చెప్పాలంటే పని చేసింది. ఎడమవైపు అంచు అప్పడంలా మడత పడింది. పెయింటు కాస్త పెచ్చులూడింది, అది వేరే సంగతి.

కుడివైపు దగ్గర లోపలినుంచి వినపడింది: "రోకలి కనపడదేంటండీ, అల్లుడుగారేమన్నా చూశారా?"

నేను ఉలిక్కిపడి గట్టిగా నెట్టాను. వాకిలి కొద్దిగా వాలు. కారు జానెడు దొర్లింది, రోకలి ఇనప పొన్ను పోయి బంపరు మూలలో దిగబడింది. రాదు. జాకీ పెడదామంటే ఇటుకలు పొడయ్యాయి. మా అత్తగారు గుమ్మంలోకి వచ్చి చూశారు. గోదావరి జిల్లాల్లో కోపం పెరిగేకొద్దీ మర్యాద పెరుగుతుంది. "పర్లేదండి, కానివ్వండి" అన్నారు. పది నిమిషాల తర్వాత "తమరి పనయ్యాకే ఇద్దురుగాని లెండి" అన్నారు. ఇరవై నిమిషాలకి "తొందరేం లేదండి, పాకం ముదిరాకే బావుంటుందంటారు" అన్నారు. అప్పుడు నాకు నిజంగా చెమటలు పట్టాయి.

పక్కింట్లోంచి ఇటుకలు తెచ్చి రోకలి బయటికి లాగేసరికి చీకటి పడింది. దాని నడుముకి నాలుగంగుళాల మేర నల్లటి రబ్బరు పట్టీ. పాకం ముదిరింది, ఆ వాయ బియ్యం ఆరిపోయింది.

భోగి మంట దగ్గర మా మామగారికి ఆఫ్‌సెట్ గురించి అరగంట వివరించాను. రిటైరైన గుమాస్తా, ప్రతిదీ ఓపిగ్గా వింటారు. అంతా విని, "కంపెనీ ఇచ్చినదాన్ని చట్టం ఒప్పనట్టు మారిస్తే, 2019 సవరణ తర్వాత ఒక్కో మార్పుకి 5,000 జరిమానా అని పేపర్లో చదివానండి. నాలుగు చక్రాలంటే ఒక మార్పా అండీ, నాలుగు మార్పులా?" అన్నారు. ఆ మర్నాడు పండగ భోజనంలో ఆ చివరి పాకం అరిసె ఒకటి చేతిలోకి తీసుకుని, బల్లకేసి టక్కుటక్కుమని కొట్టి, అటూ ఇటూ తిప్పి చూశారు. "దీనికి ఆఫ్‌సెట్ ఎంతుంటుందంటారు అల్లుడుగారూ?"

కనుమ నాడు కాకైనా కదలదంటారు. నా కారు భోగి ముందురోజు నుంచే కదల్లేదు. ముక్కనుమ వెళ్లాక బయల్దేరాం. పెద్దమ్మా, అబ్బాయీ, మా ఆవిడా, కొబ్బరికాయల బస్తా ఆటోలో. వెనక కారులో నేనొక్కణ్ణీ. బయల్దేరబోతుంటే మా అత్తగారు వచ్చి డిక్కీ తెరవమన్నారు. తెరిచాను. కుంకుడు రసంతో రెండుసార్లు కడిగినా నల్లపట్టీ వదలని రోకలిని, డిక్కీలోంచి వెనక సీటు మీదుగా ముందు సీట్ల మధ్యకి జాగ్రత్తగా పడుకోబెట్టారు.

"రబ్బరు వాసన పోలేదండి, ఇంక వంటకి పనికిరాదు. తమరి దగ్గరే ఉంచండి. కుడివైపు ఇంకా మిగిలే ఉందిగా."