రెండు లీటర్ల దొరగారికి

శ్రీయుత యూరిన్ బ్యాగు గారికి,
మంచం కోడు పక్కన, గచ్చు మీద, పర్లాకిమిడి.

నమస్కరించి రాయునది. తమరిలోని మూత్రానికి చేసిన కల్చర్ (క్రిములను పెంచి చూసే పరీక్ష) రిపోర్టు బరంపురం ల్యాబు నుంచి వచ్చింది. రెండుకు మించి క్రిములు పెరిగాయట, శాంపిల్ కలుషితమై ఉండొచ్చట, మళ్లీ పంపమన్నారు. మూడు రోజులు కళ్లలో ఒత్తులేసుకుని చూసింది దీనికోసం. రోగి కల్చర్ అడిగితే తమరి జాతకం చేతికొచ్చింది.

తమరిని అనడానికేముంది? కింద కుళాయి తిప్పితే ధారగా వస్తారు. "సంచిలోంచే పట్టెయ్, ఏటవుద్ది?" అన్నారు వార్డులోవాళ్లు. ఏటవుద్దో వినండి. తమరి కడుపులో ఉన్నది రాత్రి నుంచీ నిలవున్న సరుకు. వెచ్చగా ఉంటే ఇ.కోలై అనే క్రిమి అరగంటలోపే రెట్టింపవుతుంది. పొద్దున తీసిన డబ్బా ఎవరి చేతిసంచిలోనో బస్సెక్కి బరంపురం చేరేసరికి ఆ పిండి ఎంత పులుస్తుందో ఇడ్లీలు పోసే ఎవరినడిగినా చెబుతారు. మామూలు వేడిలో రెండు గంటల్లో ల్యాబుకు అందాలి. లేదంటే 4 డిగ్రీల చల్లదనంలో ఉంచితే 24 గంటల వరకు పనికొస్తుంది. థర్మోకోల్ డబ్బా, రెండు ఐస్ ప్యాకులు. అంతకు మించి కొనాల్సిందేమీ లేదు.

శాంపిల్ తీయాల్సిన చోటు (పోర్టు) తమరికి పైన, గొట్టం మీదే ఉంది. దాని కింద కాసేపు క్లాంపు పెట్టాలి. పోర్టును స్పిరిట్‌తో తుడిచి, ఆరనిచ్చి, కొత్త సిరంజితో 10 మి.లీ. లాగాలి. గొట్టాన్ని సంచి నుంచి ఊడదీయకూడదు. మూత్రాశయంలోకి పైపు (క్యాథెటర్) వేసి రెండు వారాలు దాటితే ముందు పైపు మార్చి, కొత్తదాంట్లోంచి తీయాలి. పాతదాని లోపలి గోడకు చెరువు మెట్లకు పట్టినట్టు పాచి పట్టి ఉంటుంది. శాంపిల్‌లోకి వచ్చేది ఆ పాచి సంతానమే. ఇవన్నీ యాంటీబయాటిక్ మొదటి డోసుకు ముందు జరగాలి. ఇక్కడ సెఫ్ట్రియాక్సోన్ రెండు డోసులు పోయాక డబ్బా వెతికారు!

ఆ పాచిలోకి మందు సరిగ్గా దిగదు. దిగినచోట బలహీనమైనవి చస్తాయి, మొండివి మిగిలి సంసారం పెంచుకుంటాయి. ప్రోటియస్ అనే క్రిమి అయితే మరీ ఘనం. యూరియాను విరిచి మూత్రాన్ని క్షారంగా మార్చి, సున్నం పేరినట్టు పైపునే పూడ్చేస్తుంది. నైట్రోఫ్యూరాంటోయిన్‌కూ లొంగదు, మందుల్లో ఆఖరి ఆశ అనుకునే కొలిస్టిన్‌కూ లొంగదు. అది దాని పుట్టుక గుణం.

ఎక్స్‌రేకి తీసుకెళ్తూ మూత్రం వెనక్కి పారేలా తమరిని రోగి పొట్ట మీద కూర్చోబెట్టినవాళ్లకు ఒక దండం. అందరి సంచులూ ఒకే మగ్గులోకి, కుళాయి మూతి తగిలేలా వంచినవాళ్లకు ఇంకొకటి. జ్వరం లేదు, నొప్పి లేదు, రిపోర్టులో "పస్ సెల్స్ (చీము కణాలు) ప్లెంటీ" అని చూసి సిప్రో అనే యాంటీబయాటిక్ రాసినవాళ్లకు చేతులెత్తి మరొకటి. పైపున్న మనిషికి పస్ సెల్స్ ఉండక ఏముంటాయి?

ఇక గారూ గీరూ చాలు. పైపు ఎందుకు వేశారో కేస్ షీట్‌లో ఒక్క ముక్క లేదు. ఆపరేషనై ఆరు రోజులు. మనిషి లేచి టీ కొట్టు దాకా నడిచొస్తున్నాడు, నిన్ను చేత్తో పట్టుకుని! పైపు ఉన్న ప్రతి రోజూ వందలో 3 నుంచి 7 మందికి మూత్రంలో క్రిములు చేరతాయి, నెల తిరిగేసరికి దాదాపు అందరికీ. బెలూన్‌లో (పైపు జారకుండా లోపల నిలిపేది) ఉన్నది 10 మి.లీ. నీళ్లు. సిరంజి పెట్టి లాగితే నిమిషం పని. ఆ నిమిషం ఎవరికీ లేదు, పెద్ద యాంటీబయాటిక్ మెరోపెనెమ్‌కు మాత్రం చీటీ సిద్ధం!

రేపు రౌండ్స్‌లో పైపు తీయించబోతున్నాం. మధ్యధార మూత్రం డబ్బాలో పడుతుంది, డబ్బా ఐస్‌లో వెళుతుంది. తమరికి ఆసుపత్రి ప్లాస్టిక్ చెత్త వేసే ఎర్ర సంచి సిద్ధంగా ఉంది. వచ్చేటప్పుడు కుళాయి మూసుకుని రండి.

ఇట్లు,
వార్డులో డబ్బా పట్టుకు నిలబడ్డవాళ్లు