పక్షి కన్నూ, డ్రమ్మరు కాలూ

ద్రోణాచార్యులవారు చెట్టుకొమ్మన బొమ్మ పక్షిని పెట్టించి శిష్యులను పరీక్షించినప్పుడు, చెట్టూ కొమ్మలూ తమ్ముళ్లూ గురువుగారూ అందరూ కనిపిస్తున్నారని నిజం చెప్పిన ధర్మరాజును పక్కకు పంపి, పక్షి కన్ను తప్ప మరేమీ కనిపించడం లేదన్న అర్జునుణ్ణి మెచ్చుకున్న కథ మనమందరం చిన్నప్పటి నుంచి విన్నదే. ఇన్నాళ్లూ దీనిని ఏకాగ్రతకు ఉదాహరణగా చెప్పుకుంటూ వచ్చాము గానీ, ఇది నిజానికి రెండు లెన్సుల కథ అని పండితులెవరూ గుర్తించకపోవడం విచారకరం. ధర్మరాజుది ఎఫ్/16 దగ్గర, అంటే వెలుగు దూరే చిల్లును బాగా చిన్నది చేసి, బిగించిన మామూలు లెన్సు. దగ్గరదీ దూరానిదీ అనే పక్షపాతం లేకుండా అన్నింటినీ సమానంగా చూపించి, పరీక్ష తప్పింది. అర్జునుడిది సెలెక్టివ్ ఫోకస్ లెన్సు.

ఒక్క చోటును మాత్రం స్పష్టంగా ఉంచి, చుట్టూ ఉన్న ప్రపంచాన్నంతా మసకలోకి నెట్టివేసే ఈ లెన్సులను తయారుచేసినవారు పూలనూ పెళ్లికూతుళ్లనూ పసిపాపలనూ మనసులో పెట్టుకుని ఉంటారు. వారి ఉద్దేశాన్ని నేను శంకించను. కాని ఈ లెన్సులకు అసలైన హక్కుదారులు హెవీ మెటల్ అనే హోరెత్తించే రాక్ సంగీతంలోని డ్రమ్మర్ల అభిమానులేనని సవినయంగా మనవి చేయదలచుకున్నాను. వారి చెవి మొదటినుంచీ ఈ పద్ధతిలోనే పనిచేస్తోంది. కంటికి తగిన పరికరం మాత్రం ఆలస్యంగా దొరికింది.

ముందు లెన్సు పుట్టుపూర్వోత్తరాలు చూద్దాం. 1840లో వియన్నాలో జోసెఫ్ పెట్జ్‌వాల్ అనే గణితాచార్యుడు మనుషుల ముఖాలు తీయడానికి అనువైన లెన్సును లెక్కలు కట్టి రూపొందించాడు. ఆ లెక్కల్లో ఆయనకు ఫిరంగి దళపు సైనికులు కొందరు సాయం చేశారని చెబుతారు. లెన్సుకూ చెవులు దిమ్మెక్కించే చప్పుడుకూ వియ్యం అప్పుడే కుదిరిందని నా అభిప్రాయం. ఆ లెన్సు నడిమధ్య ముఖాన్ని చక్కగా చూపించి, అంచుల్లో ఉన్న ఆకులనూ కొమ్మలనూ సుడి తిప్పేది. అది లోపమని భావించి, తరతరాల ఇంజినీర్లు గాజు మీద గాజు పేర్చి, పూతల మీద పూతలు పూసి, ఈ అంచు నుంచి ఆ అంచు దాకా కడిగిన ముత్యంలా చూపించే లెన్సులు తయారుచేశారు. తీరా ఆ మహాయజ్ఞం ముగింపుకు వచ్చాక, 2004లో అమెరికాలోని పోర్ట్‌లండ్‌లో లెన్స్‌బేబీ అనే సంస్థ పుట్టి, మెత్తగా వంగే గొట్టం చివర ఒక కటకం బిగించి, ఇంత కష్టపడి వదిలించుకున్న లోపాన్ని తిరిగి తెచ్చి అమ్మింది. 2013లో మరో సంస్థ సాక్షాత్తూ పెట్జ్‌వాల్ లెన్సునే ఇత్తడి తొడుగుతో పునర్జన్మ ఎత్తిస్తామని చందాలు అడిగితే, జనం ఎగబడి ఇచ్చారు. వంశంలో పోయిన మెల్లకన్నును ఇంత ఖర్చు పెట్టి మళ్లీ తెచ్చుకున్న జాతి మరొకటి ఉంటుందనుకోను.

ఆ గొట్టపు లెన్సును వాడడం చూడముచ్చటైన విద్య. రెండు చేతుల వేళ్లతో దానిని కెమెరా వైపు నొక్కితే ఫోకస్ మారుతుంది, పక్కకు వంచితే స్పష్టంగా ఉండే చోటు ఆ పక్కకు జరుగుతుంది. ఆ చోటుకు స్వీట్ స్పాట్ అని ముద్దుపేరు. మొదటి మోడల్లో పట్టు సడలితే ఫోకస్ కాస్తా పోతుంది గనుక, అన్ని వేళ్లూ బిగబట్టి, ఊపిరి కూడా బిగబట్టి, ఎలాగో ఒక వేలిని విడిపించుకుని మీట నొక్కాలి. అపెర్చర్, అంటే వెలుగు దూరే చిల్లు, మార్చాలంటే చిల్లుబిళ్ల ఒకటి తీసి మరొకటి పెట్టాలి. తరువాత బంతికీలు మీద తిరిగి, వంచిన చోటనే నిలిచే మోడళ్లు వచ్చాయి గానీ, కష్టం తగ్గితే భక్తి కూడా తగ్గుతుందని పాతకాపులు వాటిని అనుమానంగానే చూశారు. నాలుగు అవయవాలూ నాలుగు దారుల్లో నడవాల్సిన డ్రమ్మరుకూ, పది వేళ్లూ పది దిక్కుల్లో బిగుసుకుపోయిన ఈ ఫొటోగ్రాఫరుకూ ఉన్న పోలికను నేను విడమరచి చెప్పనక్కరలేదు.

ఇక అభిమాని చెవి సంగతి. పాటలో ఐదుగురు ఉంటారు. గాయకుడు ప్రపంచం అంతమైపోతోందని ప్రాణాలొడ్డి అరుస్తూ ఉంటాడు, ఇద్దరు గిటారిస్టులు మెడలు విరుచుకుంటూ ఉంటారు. వీరెవరూ మన అభిమానికి అడ్డురారు. అతని స్వీట్ స్పాట్ డ్రమ్మరు కుడికాలి మడమ దగ్గర స్థిరపడి ఉంటుంది. 1986లో స్లేయర్ బృందపు డ్రమ్మరు డేవ్ లొంబార్డో ఒక పాట మధ్యలో అందరినీ ఆపి, కాళ్లతో పెడళ్లు తొక్కి వాయించే రెండు పెద్ద బేస్ డ్రమ్ములను ఒంటరిగా మోగించిన కొన్ని క్షణాలను తలచుకుని ఇప్పటికీ కళ్లు తుడుచుకునేవారున్నారు. ఆ పాట దేని గురించి అని అడిగితే మాత్రం మొహం తేలవేస్తారు. 2003లో మెటాలికా బృందం విడుదల చేసిన ఆల్బమ్ గంటకు పైగా సాగుతుంది. అందులో డ్రమ్మరు లార్స్ ఉల్రిక్ స్నేర్ అనే చిన్న డ్రమ్ము అడుగు తీగలను వదులు చేసి వాయించడంతో అది బిందెను కొట్టినట్టు మోగింది. అంత పెద్ద ఆల్బమ్‌లో లోకం గుర్తుపెట్టుకున్నది ఆ బిందెను మాత్రమే. ఇంతకన్నా కచ్చితమైన సెలెక్టివ్ ఫోకస్‌ను ఏ గాజు కటకమూ సాధించలేదు.

అదే ఏడాది మరో ఘోరం జరిగింది. దశాబ్దాల పాటు బేస్ డ్రమ్ముకు ఒంటి పెడల్‌తోనే ఐరన్ మెయిడెన్ బృందాన్ని నడిపించిన డ్రమ్మరు నికో మెక్‌బ్రెయిన్ ఒక్క పాటలో రెండు పెడళ్లు వాడాడు. ఒంటి పెడల్ సంప్రదాయానికి చెందిన వైదికులు ఈనాటికీ ఆ పాట పేరు ఎత్తితే గొంతు తగ్గిస్తారు.

లెక్కల పిచ్చి కూడా తక్కువేమీ కాదు. 2005లో మైక్ మాంజినీ అనే డ్రమ్మరు కర్రలతో ఒక్క నిమిషంలో 1,203 దెబ్బలు కొట్టాడని యంత్రం లెక్కతేల్చింది, అంటే సెకనుకు ఇరవై. కాళ్ల విషయానికి వస్తే, నిమిషానికి 240 లయలో పదహారో వంతు స్వరాలు, అంటే ఒక్కో లయకు నాలుగేసి దెబ్బలు, వాయించే డ్రమ్మరు సెకనుకు పదహారు దెబ్బలు, కాలికి ఎనిమిది చొప్పున, కొడుతున్నట్టు. ఇక్కడే ఫొటోగ్రఫీ ఒక గొప్ప అపచారం చేస్తుంది. సెకనులో వెయ్యో వంతు షట్టర్‌తో, మంచి పదునైన లెన్సుతో ఆ కాలిని పట్టామనుకోండి. వచ్చేది ఏమిటి? ఒక పెద్దమనిషి ఆసనం మీద కూర్చుని, పెడల్ మీద పాదం ఆనించి, ఎవరి కోసమో ఎదురుచూస్తున్నట్టు ఉంటుంది. ప్రపంచంలోకెల్లా వేగమైన కాలు, ప్రపంచంలోకెల్లా తీరికైన కాలు ఫొటోలో ఒక్కలాగే పడతాయి. కనుక మసకే సత్యమని ఒప్పుకోక తప్పదు. (కదలిక వల్ల వచ్చే మసక వేరు, లెన్సు వల్ల వచ్చే మసక వేరు అని గొణిగే శాస్త్రజ్ఞులు దయచేసి వెనక వరుసలో కూర్చోవలసిందిగా ప్రార్థన.)

రెండు శిబిరాలవారినీ ఒకే పంక్తిలో కూర్చోబెట్టగల విషయం మడి. బేస్ డ్రమ్ముకు సెన్సర్ తగిలించి, కాలు ఎంత మెల్లగా తాకినా ముందే రికార్డు చేసిన గట్టి దెబ్బ ఒకే స్థాయిలో వినిపించేలా చేసే ట్రిగ్గర్ అనే పరికరం ఉంది. అది వాడడం మోసమని సగంమంది అభిమానులు, అంత వేగంలో ప్రతి దెబ్బా విడివిడిగా వినిపించడానికి అది తప్పదని తక్కినవారు యుద్ధం చేస్తూనే ఉన్నారు. ఇటు లెన్సువారిని పలకరించండి. కంప్యూటర్‌లో తరువాత పులిమిన మసక మైల అనీ, గాజు గుండా దిగిన మసక మాత్రమే శుద్ధమనీ, చూసేవాడికి తేడా తెలియకపోయినా తీసినవాడి ఆత్మకు తెలుస్తుందనీ అంటారు.

డ్రమ్మరును ఫొటో తీయడమే ఒక దండన. కచేరీల్లో ఫొటోగ్రాఫర్లకు సాధారణంగా మొదటి మూడు పాటలే, ఫ్లాష్ లేకుండా. డ్రమ్మరు వేదిక వెనకాల, సింబళ్లనే లోహపు పళ్లేలూ వాటి స్టాండ్లూ కలిసిన లోహారణ్యంలో, జుట్టు మొహం మీద పడి కూర్చుని ఉంటాడు. ముందు నిలబడ్డ గాయకుడు మాత్రం ప్రతి ఫొటోలోనూ సూర్యబింబంలా ఉంటాడు. అన్ని సంవత్సరాలుగా డ్రమ్మరును ఉచితంగా మసకబరచిన లోకం మీద, డబ్బు పెట్టి కొన్న మసకతో పగ తీర్చుకునే అవకాశం ఇప్పుడు వచ్చింది. గాయకుల సంఘంవారు అభ్యంతరం చెప్పవచ్చు. వారి అభ్యంతరం లేత రంగుల మచ్చగా రికార్డవుతుంది.

ఈ సిద్ధాంతాన్ని ఆచరణలో పెట్టినవాడు నా మిత్రుడే. చిన్న వేదిక ముందు మోకాళ్ల మీద కూర్చుని, మొదటి మూడు పాటల పాటు ఆ గొట్టాన్ని నొక్కి, వంచి, వేడుకుని, రెండు వందల ఫొటోలు తీశాడు. నూట తొంభై తొమ్మిదింటిలో ఏమున్నదో నేను ప్రమాణం చేసి చెప్పలేను. మిగిలిన ఒక్కదానిలో ఎర్రటి పొగ, నల్లటి సుడి, రెండు తెల్లటి చారలు ఉన్నాయి. సరిగ్గా మధ్యలో, ఎడమపక్క సింబల్‌ను స్టాండుకు పట్టి ఉంచే రెక్కల మర, దాని మీది గీతలతో, అంచున వేలాడుతున్న చెమటచుక్కతో సహా, వజ్రంలా స్పష్టంగా ఉంది.

"పాపం, గురి తప్పింది," అన్నాను.

వాడు నన్ను ధర్మరాజును చూసినట్టు చూశాడు. "గురి తప్పడమేమిట్రా? ఆ మర చూడు, సగం ఊడివచ్చింది. ఐదో పాటలో ఆ సింబల్ ఎందుకలా గిలగిల్లాడిందో నాకు మూడు రోజులుగా నిద్రపట్టడం లేదు."

ఆ ఫొటోను వాడు పెద్దది చేయించి, చట్రం కట్టించి, ఒక ప్రతిని డ్రమ్మరుకు కూడా పంపించాడు. ఆయన దానిలోని సౌందర్యం గురించి ఒక్క మాటా అనకుండా, మర బిగించుకున్నాననీ, ధన్యవాదాలనీ రెండు ముక్కల్లో జవాబు రాశాడు. ఆ జవాబుకు కూడా ఇప్పుడు చట్రం ఉంది.